సగం దించిన షట్టర్

మట్టెవాడలో మా దుకాణాల వరసలో సగం దించిన షట్టర్‌కు ఒక అర్థం ఉంది. పూర్తిగా ఎత్తి ఉంటే బేరం నడుస్తున్నట్టు. పూర్తిగా దించి తాళం వేసి ఉంటే మనిషి లేనట్టు. నడుము ఎత్తు దాకా దించి ఉంటే మాత్రం దుకాణదారు లోపలే ఉన్నాడని, అన్నం తింటున్నాడో కాసేపు నడుం వాల్చాడో అని లెక్క. ఊరివాళ్ళయితే గిరాకీలు కూడా ఆ సమయంలో వెనక్కి తిరుగుతారు. పక్క దుకాణం వాడు మాత్రం రావాలి. కాసేపు చూసి, వచ్చి, వంగి, కింది సందులోంచి "అన్నా, ఉన్నవా?" అని పిలవాలి. లోపల్నుంచి "ఆఁ" అని వినబడితే వెళ్ళిపోవాలి. అంతే.

ఇది ఏ సంఘమూ పెట్టిన నియమం కాదు. మా నాన్న కాలంలో ఒక కిరాణా ముసలాయన షట్టర్ సగం దించి సద్ది విప్పుకుని, ముద్ద నోట్లో ఉండగానే పోయాడట. దీపాలు పెట్టే వేళ దాకా ఎవరూ చూసుకోలేదు. ఆ సిగ్గుతో మొదలైన అలవాటు. ముప్పై అయిదేళ్ళలో నేను ఎన్ని వేల సార్లు అలా వంగి పిలిచి ఉంటానో. అవసరం పడిన ఒక్కసారి పిలవలేదు. ఆ ఒక్కసారి గురించే రాస్తున్నాను.

నాది స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. నా పక్కది తాళ్ళు, చాటలు, గంపలు, చీపుర్ల దుకాణం. ఆ దుకాణం ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన "తమ్మీ" అనేవాడు. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్ళు రెండు దుకాణాల ముందూ ఊడ్చి నీళ్ళు చల్లడం, పదింటికి ఒకే చాయ్ రెండు సాసర్లలో పోసుకోవడం మాకు రోజూ ఉన్నదే. తెలంగాణ రావాలని చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేసిన నాడు పప్పు వండిన గంజు నాది, అన్నం గుమ్మరించిన గంప ఆయనది. పోలీసులు తరిమితే ఇద్దరం ఒకే సందులో దాక్కుని, ఆయాసంతో నవ్వలేక నవ్వాం.

రాష్ట్రం వచ్చింది. ఆయనొక పార్టీ వైపు పోయాడు, నేనొక పార్టీ వైపు పోయాను. ఎవరిది ఏ పార్టీ అన్నది చెప్పను. చెబితే మీరు కూడా నాలాగే ఒక పక్కకు జరిగి కూర్చుని చదువుతారు.

మొదట్లో అదంతా హాస్యంగానే ఉండేది. టీవీలో మా నాయకుడు కనబడితే ఆయన చీపురు తీసి ఊడ్చినట్టు అభినయించేవాడు. వాళ్ళ నాయకుడు కనబడితే నేను ఖాళీ బిందె మీద దరువు వేసేవాణ్ణి. తరువాత ఫోన్లు వచ్చి మా నవ్వు చెడగొట్టాయి. బజారు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన ఒకటి పెడితే నేను రెండు పెట్టేవాణ్ణి. పక్కపక్కనే కూర్చుని, మధ్య గోడ ఒక్కటే ఉండగా, ఒకరినొకరు ఫోన్లో తిట్టుకునేవాళ్ళం. చాయ్ మాత్రం ఆగలేదు. సాసర్లో చాయ్ ఊదుకుంటూ ముఖం చూడకుండా తాగేవాళ్ళం.

ఎన్నికలకు నెల రోజుల ముందు మా పార్టీ ప్రచారం బజార్లోకి వచ్చింది. నేను మెడలో కండువా వేసుకుని రెండడుగులు వేశాను. ఆయన దుకాణం మెట్టు మీద నిలబడి నవ్వుతూ అడిగాడు.

"ఎంతిచ్చిండ్రు తమ్మీ, కండువకు?"

ఒక్క రూపాయి ఎవరూ ఇవ్వలేదు. నేను పిచ్చి అభిమానంతో పోయినవాణ్ణి. ఊరికే నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. పదిమందిలో అన్నాడని నాకు ఒళ్ళు మండింది.

"మాకెవరిస్తరన్నా? నీ కొడుక్కు నౌకరి ఎట్లొచ్చిందో బజారంత ఎరుకే గద!"

ఆ పిల్లవాడు రాత్రింబవళ్ళు చదివి పరీక్ష రాసి తెచ్చుకున్న చిన్న ఉద్యోగం అది. పరీక్షకు పోయే రోజు వాడి జేబులో పెన్ను పెట్టి పంపిన వాణ్ణి నేనే. నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. "గంత మాటన్నవా తమ్మీ" అని మెల్లగా అని లోపలికి వెళ్ళిపోయాడు.

మరునాటి నుంచి చాయ్ బంద్. పొద్దున ఆయన ముందు వస్తే తన దుకాణం ముందే నీళ్ళు చల్లుకునేవాడు. నేను ముందు వస్తే నాదే. రెండు దుకాణాల మధ్య దుమ్ములో సగం తడి, సగం పొడి. దానికి కూడా నాకు పౌరుషమే. ఒక రోజు నా నీళ్ళు అటు జానెడు జారితే చీపురుతో ఇటు లాక్కున్నాను. ఇంట్లో చెబితే మా ఇంటామె నెత్తి కొట్టుకుంది.

"మీ ఇద్దర్ల ఎవడన్న ఎమ్మెల్యే అయితాండా? పో, పోయి తప్పయిందను. నోటికొచ్చినట్టు పిల్లగాన్ని అన్నవు."

"ముందుగాల ఆయనన్నడు."

"ఆయనన్నది నవ్వులాట. నువ్వన్నది విషం."

నేను పోలేదు. ఫలితాలు రానీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను. గెలిచాక పెద్దరికంగా నేనే చాయ్ పంపాలని ఒక ఊహ. అంత నీచమైన పెద్దరికం ఎక్కడన్నా ఉంటుందా? నా మనసులో ఉంది.

లెక్కింపు రోజు వచ్చింది. పొద్దున నేను పోయేసరికి రెండు దుకాణాల ముందూ ఊడ్చి ఉంది, రెండు వైపులా తడిగా ఉంది. నెల తరువాత ఆయన నీళ్ళు నా వైపుకు వచ్చాయి. ఏ మనిషికైనా ఆ తడి చూస్తే అర్థం కావాలి. నాకు అర్థమైంది వేరు. ఓడిపోతున్నామని తెలిసి కాళ్ళబేరానికి వచ్చాడు అనుకున్నాను. ఆయన మెట్టు మీద నిలబడి నా వైపు చూశాడు, ఏదో అనబోయాడు. నేను తాళం చెవులు వెతుక్కుంటున్నట్టు తల దించుకుని షట్టర్ ఎత్తాను.

పదకొండు దాటేసరికి మా నియోజకవర్గంలో మా పార్టీ గెలిచినట్టే అని తేలిపోయింది. బజార్లోకి డప్పులు వచ్చాయి, గులాలు వచ్చింది. పదకొండున్నరకు ఆయన లేచి, కొక్కెం కట్టెతో షట్టర్ కిందికి లాగాడు. నేను నా గల్లా దగ్గరి నుంచి చూస్తూనే ఉన్నాను. ఎడమ చేత్తో లాగాడు. తాడు పేనినా, గజం కట్టెతో మోకు కొలిచినా కుడి చెయ్యి తప్ప వాడని మనిషి ఆయన. ఎడమ చేత్తో లాగుతుంటే ఏమిటిది అని నాకు తోచాలి. షట్టర్ నడుము ఎత్తు దగ్గర ఆగిపోయింది. నాకు తోచింది ఒకటే. ముఖం చాటేస్తున్నాడు, బాగా అయింది.

పావుగంట తరువాత మావాళ్ళు టపాకాయల లడి తెచ్చారు. నా దుకాణం ముందు జాగా ఉంది. అయినా "గిక్కడ వెయ్యుండ్రి" అని ఆయన షట్టర్ ముందు చూపించాను. లడి పేలుతుండగా ఆ షట్టర్ రేకు మీద లోపల్నుంచి టక్‌మని చప్పుడైంది. మళ్ళీ టక్, టక్. దగ్గరున్న నలుగురమూ విన్నాం. చప్పుడు ఆపమని కొడుతున్నాడు అనుకున్నాను.

"ఏందన్నా, సప్పుడు పడతలేదా? ఇగ అయిదేండ్లు ఇనాలె!" అని అరిచాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఉబ్బి, షట్టర్‌కు రెండడుగుల దూరంలో, ఆ సందు ముందే, డప్పుకు అడుగులు వేశాను. ఇంకో లడి ముట్టించాం. మళ్ళీ రెండుసార్లు టక్‌మన్నది. తరువాత ఆగిపోయింది. నోరు మూయించాను అనుకున్నాను.

నా అన్నం వేళయింది. నేను నా షట్టర్ సగం దించుకుని డబ్బా విప్పుకున్నాను. నెల రోజుల కిందటి దాకా ఆ సమయంలో ఆయన వంగి "తమ్మీ, ఉన్నవా?" అనేవాడు. అలవాటు కొద్దీ చెవి అటే పెట్టి తిన్నాను. ఎవరూ పిలవలేదు. ఎంత పట్టుదల వీడికి అని మనసులో తిట్టుకున్నాను. వంగి పిలవాల్సిన వంతు పదకొండున్నర నుంచీ నాది అన్న సంగతి ఆ ముద్దల మధ్య ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

రెండుంబావుకు నెక్కొండ వైపు నుంచి బండి దిగి వచ్చిన ఒక రైతు మోకు కోసం ఆ దుకాణం ముందు ఆగాడు. ఆయనకు మా బజారు పద్ధతి తెలియదు, మా పార్టీల సంగతి అంతకన్నా తెలియదు. షట్టర్ కింద సందు కనబడింది, వంగి "సేటూ, మోకు కావాలె, ఉన్నవా?" అన్నాడు. వెంటనే "ఓ అయ్యో! సేటు గిట్ల పడ్డడేంది! రాండ్రయ్యా!" అని కేక పెట్టాడు.

షట్టర్ ఎత్తాం. ఆయన మోకు చుట్టల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. మూతి ఒక వైపుకు జారింది. కుడి చెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయి ఉంది. ఎడమ చెయ్యి పక్కన గజం కట్టె ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన్ని ఎత్తి ఆటోలో పడుకోబెట్టిన నలుగురిలో నేనూ ఉన్నాను. నా చేతులకు గులాలు ఉంది, ఆయన తెల్ల బనీనుకు అంటుకుంది. దవాఖానలో అది చూసి నర్సు "రక్తమా?" అని అడిగింది. కాదమ్మా, రంగు అన్నాను.

పది నిమిషాల్లో వదినె, కొడుకు పరుగెత్తుకొచ్చారు. లోపలికీ బయటికీ తిరుగుతున్న కొడుకు నా భుజం పట్టుకున్నాడు. నేను వాడి ఉద్యోగం మీద మాటన్న తరువాత వాడు నాతో మాట్లాడటం అదే మొదలు.

"కాకా, బాపు మంచిగున్నది ఆఖరిసారి ఎవలు చూసిండ్రని డాక్టర్ అడుగుతాండు. అమ్మ పొద్దుగాల ఎనిమిదింటికి చూసిందట. నువ్వు పక్కకే ఉన్నవు గద. షట్టర్ ఎప్పుడు దించిండు?"

పదకొండున్నర. నాలుక చివరి దాకా వచ్చింది. పదకొండున్నర అంటే తరువాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి రెండుంబావు దాకా నువ్వు వంగి ఎందుకు పిలవలేదు కాకా?

"నేను జూడలే బిడ్డా. బజార్ల అంత లొల్లి ఉండె."

వాడు తల ఊపి లోపలికి పరుగెత్తాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నాకు అప్పుడు తెలియదు. ఇది నిజం. కానీ మరికాసేపటికి తెలిసింది. వరండాలో కూర్చున్న వదినెకు నర్సు వివరించి చెబుతోంది. మెదడులో రక్తం గడ్డ కట్టింది, నాలుగున్నర గంటల లోపల అయితే ఒక ఇంజక్షన్ ఉంటుంది, పొద్దున ఎనిమిది నుంచి లెక్కేస్తే సమయం దాటిపోయింది, ఎప్పుడు పడ్డాడో తెలియకుండా ఇస్తే ప్రాణానికే మోసం, డాక్టర్ ఇవ్వడు. గోడ మీద గడియారం మూడుంబావు చూపిస్తోంది. పదకొండున్నర నుంచి నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇంకా ముప్పావుగంట ఉంది.

లేచాను. తలుపు దాకా పోయాను. కొడుకు బయటికి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. "నువ్వొక్కనివే దిక్కు కాకా. బాపు నీ మీద కోపం లేదన్నడు. ఇయ్యాల పొద్దుగాల నీతోని మాట్లాడుతనని చెప్పి పోయిండు" అన్నాడు. ఆ మాట విన్నాక నిజం చెప్పడం తేలిక కావాలి. నాకు ఇంకా కష్టమైంది. వాడి వీపు నిమురుతూ నిలబడ్డాను. గడియారం నాలుగు దాటింది.

ఇంజక్షన్ ఇచ్చి ఉంటే పోయిన మాట తప్పకుండా తిరిగి వచ్చేదని ఏ డాక్టరూ చెప్పడు. తరువాత ఇద్దరిని అడిగాను, ఎవరో దూరపు చుట్టం సంగతి అన్నట్టు. "ఒక్కొక్కరికి పనిచేస్తది, ఒక్కొక్కరికి చెయ్యది" అన్నారు. ఆ "చెయ్యది" అన్న ముక్క పట్టుకునే ఇన్నాళ్ళుగా అన్నం తింటున్నాను. ఆ రోజు ఇంటికి పోయి మా ఇంటామెకు మాత్రం అంతా చెప్పాను.

"ఓటు నువ్వేసినవు, ఎగిరింది నువ్వు. ఉసురు మాత్రం ఇల్లంతటికి తగుల్తది. పో, ఇప్పుడన్న పోయి చెప్పు" అన్నది.

"ఇప్పుడు చెప్తే ఏమొస్తది?"

"నీకేమొస్తదని గాదు. వాళ్ళకు తెలువాలె."

అప్పటి నుంచి నాకు కంచం పెడుతుంది, మాట్లాడుతుంది, అన్నీ చేస్తుంది. నన్ను చూసే చూపు మాత్రం మారింది. అదేమిటని అడిగే ముఖం నాకు లేదు.

మూడు వారాలకు ఆయన్ని ఇంటికి తెచ్చారు. చూడటానికి వెళ్ళాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టి ఉంది, ఎవరిదో వస్తువు దాచమని ఇచ్చినట్టు. నా ముఖం వైపు చూడలేదు. గడప దగ్గరే చెప్పులు విడవడం మరిచిపోయి లోపలికి వచ్చాను, ఆయన నా చెప్పులనే చూశాడు. పక్కకు జరిగాను. ఆయన కళ్ళు చెప్పులతో పాటే జరిగాయి. అప్పుడు తెలిసింది నాకు. సగం దించిన షట్టర్ లోపల నేల మీద పడున్న మనిషికి బయట కనబడేవి కాళ్ళే. తోలు పట్టీకి ఇత్తడి బిళ్ళ ఉన్న ఆ చెప్పులు బజార్లో ఇంకెవరికీ లేవు. రెండడుగుల దూరంలో అవి ఎగురుతుంటే ఆయన అన్నీ చూశాడు. కొట్టాడు, చూశాడు, నా మాటలు విన్నాడు.

ఇంటికి వచ్చి ఆ చెప్పులు పారేశాను. పారేస్తే ఏమవుతుంది, కాళ్ళు అవే కదా.

ఇక ఎవరి కోసం ఎగిరానో ఆ సంగతి కూడా చెప్పాలి. రాష్ట్రంలో సర్కారు వాళ్ళదే వచ్చిందని, ఆరు నెలలు తిరగకముందే మేం గెలిపించిన నాయకుడు కండువా మార్చి అన్న పార్టీలో చేరాడు. రెండు పార్టీల వాళ్ళూ ఒకే వేదిక మీద దండలు వేసుకున్నారు. అదే బజారు, అవే డప్పులు. నన్నూ రమ్మన్నారు. పోలేదు. నేను ఆ నాయకుణ్ణి తిట్టలేదు. వాడు మారినంత తేలికగా నేను మారి ఉంటే ఆ రోజు వంగి ఉండేవాణ్ణి.

ఇప్పుడు కొడుకు ఉద్యోగానికి సెలవు పెట్టి దుకాణం చూసుకుంటున్నాడు. పొద్దున వాడే రెండు దుకాణాల ముందూ ఊడ్చి నీళ్ళు చల్లుతాడు. వద్దురా అంటే "నువ్వు బాపును ఎత్తుకపోయినవు కాకా, గీ మాత్రం చెయ్యనా" అంటాడు. ఆయన్ని దుకాణంలోనే కుర్చీలో కూర్చోబెడతారు. మధ్యాహ్నం వాళ్ళ షట్టర్ సగం దిగితే నేను అయిదు నిమిషాలకే వెళ్ళి వంగుతాను. నడుం నొప్పి ఉన్నా వంగుతాను. "అన్నా, ఉన్నవా?" అంటే లోపల్నుంచి గజం కట్టెతో నేల మీద ఒక్కసారి కొడతాడు. ఆ చప్పుడుకు రోజూ నా గుండె ఆగుతుంది. బజారు వాళ్ళు మా ఇద్దరినీ చూపించి, పార్టీలు వేరైనా మనుషులంటే ఇట్లుండాలె అని చెప్పుకుంటున్నారు. వింటున్నాను, తల ఊపుతున్నాను.

ఆయనకు కొన్ని మాటలు వచ్చాయి. చాయ్, నీళ్ళు, అవును, లేదు. ఆయన కొడుకు ఇలాంటివి చదవడు, ఆ ధైర్యంతోనే మిగతాది కూడా రాస్తున్నాను.

మొన్న పండుగకని షట్టర్‌కు రంగు వేయించారు. పెయింటర్ లోపలి వైపు రుద్దుతుంటే అడుగు అంచుకు జానెడు పైన వరసగా చిన్న చిన్న సొట్టలు బయటపడ్డాయి. గజం కట్టెకు కొసన ఇనప పొన్ను ఉంటుంది. కొడుకు ఆ సొట్టల మీద వేలు పెట్టి కాసేపు చూశాడు. నేను రెండు చాయ్ గ్లాసులతో అప్పుడే మెట్టు ఎక్కాను.

"బాపూ," అన్నాడు వాడు. "గివి నువ్వు కొట్టినవేనా? ఆ రోజు ఎవల్నన్న పిలిచినవా? బయట ఎవలన్న ఉండిరా?"

ఆయన వాడి వైపు చూశాడు. తరువాత మెల్లగా తల దించి నా కాళ్ళ వైపు చూశాడు. కొత్త చెప్పులు. చాలాసేపు చూశాడు. మాట కోసం వెతుకుతున్నాడు.

"లే...దు" అన్నాడు.

"ఎవలు లేకుండెనా?"

"లేదు" అన్నాడు మళ్ళీ, ఈసారి స్పష్టంగా.

కొడుకు నా వైపు తిరిగాడు. "నీకేమన్న ఎరుకనా కాకా?"

ఆయన కూడా తల ఎత్తి నా ముఖం చూశాడు. ఇన్ని నెలల్లో నా ముఖం చూడటం అదే మొదటిసారి. కోపం లేదు ఆ కళ్ళలో. చెప్పు అని ఉందో, వద్దు అని ఉందో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా నేను ఆగలేదు.

"నాకేమెరుక బిడ్డా" అన్నాను.

ఆయన చూపు నా ముఖం మీది నుంచి తీసేసి, ఎడమ చెయ్యి చాయ్ కోసం చాచాడు. నేను సాసర్లో పోసి అందించాను. అడుగున సొట్టలు కనబడకుండా రంగు ఇంకో కోటు వేయమని పెయింటర్‌కు నేనే చెప్పాను.